పువ్వు పుట్టగానే పరిమళిస్తుందా?

పిల్లలూ, ఇవాళ్టి కబురు ఒక పద్దెనిమిదేళ్ళ కుర్రాడి గురించి. వాడు రక్తమాంసాలున్న మనిషి కాదు. కంప్యూటర్‌లో పుట్టి, కంప్యూటర్‌లోనే పెరిగి, అక్కడే రిటైరైపోయే బేస్‌బాల్ ఆటగాడు. అయినా వాడి కథ వింటే మీకు మీ క్లాసులో పిల్లలు గుర్తొస్తారు, నాకు నేను చూసిన ఎందరో పిల్లలు గుర్తొస్తారు.

బేస్‌బాల్ జట్టును నడిపించే కంప్యూటర్ ఆటలు కొన్ని ఉన్నాయి. వాటిలో మీరు బ్యాటు పట్టరు, బంతి విసరరు. జట్టు పెత్తనం మీది. ఎవర్ని తీసుకోవాలి, ఎవరికెంత జీతమివ్వాలి, ఎవర్ని ఎప్పుడు పైకి పంపాలి, ఎవర్ని వేరే జట్టుకి ఇచ్చేయాలి, ఇవన్నీ మీరే తేల్చుకోవాలి. ఆటలో ఏళ్ళకేళ్ళు గడుస్తాయి. కుర్రాళ్ళు వస్తారు, పెరుగుతారు, ముసలివాళ్ళవుతారు. వీటిలో బాగా పేరున్నది ‘ఔట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్’. జర్మనీకి చెందిన మార్కుస్ హైన్సోన్ దీని మొదటి వెర్షన్ 1999లో తెచ్చాడు. అంతకు రెండేళ్ళ ముందే ‘బేస్‌బాల్ మోగల్’ అనే ఇంకో ఆట వచ్చింది. అమెరికాలో పెరుగుతున్న మన తెలుగు పిల్లల్లోనూ ఈ ఆటలంటే చెవి కోసుకునేవాళ్ళున్నారు. మా మనవడు వాళ్ళలో ఒకడు. “తాతయ్యా, ఆ కుర్రాణ్ణి నేను బాగానే చూసుకున్నాను కదా, మరి వాడెందుకలా అయిపోయాడు?” అని వాడడిగిన ప్రశ్నకి జవాబే ఈ కబురు.

ముందు ఆటగాణ్ణి ఎలా చూపిస్తారో చెబుతాను. అమెరికాలో ప్రతిభను వెతుక్కుంటూ ఊరూరా తిరిగేవాళ్ళని స్కౌట్లంటారు. వాళ్ళు కుర్రాళ్ళకి 20 నుంచి 80 దాకా మార్కులేస్తారు. 50 అంటే మేజర్ లీగ్‌లో, అంటే అమెరికాలో అన్నిటికంటే పై లీగ్‌లో, సగటు ఆటగాడి స్థాయి. 60 అంటే మంచివాడు, 70 అంటే చాలా గొప్పవాడు, 80 అంటే తరానికి ఏ కొద్దిమందో. కంప్యూటర్ ఆటలోనూ ఈ మార్కులే కనిపించేలా పెట్టుకోవచ్చు. ప్రతి ఆటగాడి పక్కనా రెండు అంకెలుంటాయి. ఇవాళ ఎంత ఆడగలడన్నది ఒకటి. పూర్తిగా ఎదిగాక ఎంత ఆడతాడన్నది రెండోది. ఈ రెండోదాన్ని ‘పొటెన్షియల్’ అంటారు.

మన కుర్రాడు బంతి విసిరే పిచ్చర్ అనుకోండి. పద్దెనిమిదో ఏట వాడి అంకెలు 25, 70. మీరు సంబరపడి, కోట్లు పోసి తీసుకున్నారు. మేజర్ లీగ్ కింద మెట్లు మెట్లుగా మైనర్ లీగ్‌లుంటాయి. అట్టడుగు మెట్టు మీద మొదలుపెట్టించి, మంచి కోచ్‌ని పెట్టి, మెల్లమెల్లగా పైకి తెచ్చారు. ఇరవై రెండో ఏటికి వాడు 45, 70. ఇంకొక్క ఏడాది ఆగితే చాలనుకున్నారు. ఒకరోజు జాబితా తెరిచేసరికి వాడు 45, 50. గాయం లేదు, గొడవ లేదు, కోచ్ మారలేదు. రెండో అంకె మాత్రం రాత్రికి రాత్రి కూలిపోయింది. అదే రోజున, మీరు పేరు కూడా గుర్తుపెట్టుకోని ఇరవై ఆరేళ్ళ ఆటగాడెవడో 40 నుంచి 60కి ఎగబాకాడు. ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు అయ్యాయన్నమాట.

ఇది ఆటలో లోపం కాదు, కావాలని పెట్టినదే. ఈ ఊగిసలాట ఎంత ఉండాలో నిర్ణయించే మీట ఒకటి ‘ఔట్ ఆఫ్ ద పార్క్’లో ఉంది. పేరు ‘టాలెంట్ చేంజ్ రాండమ్‌నెస్’. మామూలుగా అది 100 దగ్గర ఉంటుంది. తగ్గిస్తే కుర్రాళ్ళు స్కౌట్ చెప్పిన దారినే నడుస్తారు. పెంచితే ఎవడెటు పోతాడో చెప్పలేం. ఆటలో ఎదుగుదలకి ఇంకా చాలా కారణాలున్నాయి: వయసు, కోచ్‌లు, మైదానంలో ఎంతసేపు ఆడాడన్నది, తన స్థాయికి తగ్గ లీగ్‌లో ఉన్నాడా లేదా, గాయాలు, కుర్రాడి శ్రద్ధ, తెలివి. వీటన్నిటి మీదా కాస్త అదృష్టం కూడా చల్లుతారు.

పిల్లలకి కోపం వచ్చేది ఈ అదృష్టం దగ్గరే. ఆ కోపాన్ని అర్థం చేసుకోవడానికి కొంచెం వెనక్కి వెళ్దాం. బేస్‌బాల్‌ని బల్ల మీద ఆడుకునే అలవాటు అమెరికాలో కంప్యూటర్ల కంటే ముందునుంచే ఉంది. ఈథన్ ఆలెన్ అనే మాజీ ఆటగాడు 1941లో తిరిగే ముల్లుతో ఒక ఆట తెచ్చాడు. 1951లో ‘ఆప్బా’, 1961లో హాల్ రిచ్‌మన్ చేసిన ‘స్ట్రాట్-ఓ-మ్యాటిక్’ వచ్చాయి. ఈ రెండిట్లోనూ ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు, పక్కన పాచికలు. ఆటగాడు ఏ సంవత్సరం ఎలా ఆడాడో దాన్నిబట్టే ఆ కార్డు. 1961 కార్డు మీదున్న ఆటగాడు ఎన్నిసార్లు ఆడినా 1961 ఆటగాడే. పాచికలు ఆ పూట మ్యాచ్ ఎవరిదో తేలుస్తాయి, అంతే. కంప్యూటర్ వచ్చాక ఏళ్ళు ముందుకి జరగడం మొదలైంది. ఇప్పుడు పాచికలు ఆటగాడి బతుకునే తేల్చడానికి వచ్చాయి. ఒక మ్యాచ్ దురదృష్టం వల్ల ఓడిపోతే ‘సర్లే’ అనుకుంటాం. ఒక జీవితం దురదృష్టం వల్ల పక్కదారి పట్టిందంటే మనసు ఒప్పుకోదు. ఏదో కారణం ఉండాలని గట్టిగా వెతుకుతాం.

కంప్యూటర్‌లో అదృష్టం ఎక్కడిదని మీకు అనుమానం రావాలి. కంప్యూటర్ చెప్పింది చెప్పినట్టు చేసే యంత్రం కదా! నిజమే, దాని అదృష్టం కూడా లెక్కే. ఇదిగో, పెన్సిలు తీసుకుని నాతోపాటు చేయండి. ఏదైనా ఒక అంకెతో మొదలుపెట్టండి, 7 అనుకుందాం. దాన్ని 5తో హెచ్చించి, 3 కలిపి, 16తో భాగించి, శేషం రాసుకోండి. 7 అయిదులు 35, మూడు కలిపితే 38, పదహారుతో భాగిస్తే శేషం 6. ఇప్పుడు ఆ 6తో మళ్ళీ అదే చేస్తే 1. తర్వాత 8, 11, 10, 5, 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4, మళ్ళీ 7. సున్నా నుంచి పదిహేను దాకా ప్రతి అంకె ఒక్కసారే, చిందరవందరగా వచ్చింది. సూత్రం తెలియనివాడికి ఇది గాలివాటంలాగే ఉంటుంది. తెలిసినవాడికి తర్వాతి అంకె ఏదో ముందే తెలుసు. లేమర్ అనే అమెరికన్ గణితజ్ఞుడు 1949లో చూపిన దారి ఇది. జపాన్‌కి చెందిన మత్సుమోతో, నిషిముర దీనికంటే ఎంతో పొడుగాటి వరస ఇచ్చే ‘మెర్సెన్ ట్విస్టర్’ అనే సూత్రం తయారుచేసి 1998లో అచ్చువేశారు. ఆ వరస మొదటికి రావాలంటే, రెండుని 19,937 సార్లు రాసి హెచ్చిస్తే ఎంతొస్తుందో దాదాపు అన్ని అడుగులు వేయాలి.

మొదట పెట్టిన అంకెని ‘సీడ్’, అంటే విత్తు, అంటారు. అదే విత్తు వేస్తే అదే వరస మొలుస్తుంది. కాబట్టి మన కుర్రాడి రెండో అంకె కూలిపోవడం ఆ యంత్రం లోపల ముందే ఖాయమైపోయి ఉండవచ్చు. కోచ్‌కీ, స్కౌట్‌కీ, మీకూ మాత్రం అది తెలిసే దారి లేదు. ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోండి. మనం అదృష్టం అని పిలిచేదానిలో చాలాభాగం కారణం లేనిది కాదు, కారణం మన కంటికి అందనిది.

ఇప్పుడు అసలు ప్రయోగం. అష్టాచెమ్మా ఆడే గవ్వలు నాలుగు తెచ్చుకోండి. గవ్వ వెల్లకిలా పడడానికీ బోర్లా పడడానికీ సమానంగానే వీలుందని అనుకుందాం. ఒక కుర్రాడి ఒక్కో ఏడాదికి నాలుగు గవ్వలూ ఒకసారి వేయండి. రెండు వెల్లకిలా పడితే వాడు ఉన్నచోటే ఉన్నాడు. మూడు పడితే ఒక మెట్టు పైకి, నాలుగూ పడితే రెండు మెట్లు పైకి. ఒక్కటే పడితే ఒక మెట్టు కిందికి, ఒక్కటీ పడకపోతే రెండు మెట్లు కిందికి. పదహారుసార్లు వేస్తే సుమారు ఆరుసార్లు కదలిక ఉండదు, నాలుగుసార్లు ఒక మెట్టు పైకి, నాలుగుసార్లు ఒక మెట్టు కిందికి, ఒకసారి రెండు పైకి, ఒకసారి రెండు కిందికి. పద్దెనిమిది నుంచి ఇరవై ఏడు దాకా తొమ్మిదేళ్ళు, అంటే తొమ్మిదిసార్లు వేయాలి.

తొమ్మిదేళ్ళయ్యాక కుర్రాడు ఎక్కడుంటాడు? ఎక్కువమంది ఎక్కడ మొదలయ్యారో ఆ చుట్టుపక్కలే ఉంటారు. నూటికి సుమారు డెబ్బై ఆరుమంది మూడు మెట్ల లోపే. ఏడాదికి ఒక మెట్టు చొప్పున కదిలితే తొమ్మిదేళ్ళకి తొమ్మిది మెట్ల దూరం పోవాలి కదా అనిపిస్తుంది. కానీ ఒకసారి పైకి, ఒకసారి కిందికి పడుతుంటే కదలికలు ఒకదాన్నొకటి తినేస్తాయి. అందుకే మామూలుగా పోయే దూరం తొమ్మిది కాదు, తొమ్మిదికి వర్గమూలమైన మూడు. ఇరవై అయిదేళ్ళు వేస్తే అయిదు. కాలం గడిచేకొద్దీ చెదురు పెరుగుతుంది కానీ, కాలమంత వేగంగా పెరగదు.

అసలు విశేషం అంచుల్లో ఉంది. సరిగ్గా ఒకే సత్తా ఉన్న వెయ్యిమంది కుర్రాళ్ళతో ఈ ఆట ఆడితే, వాళ్ళలో ఇద్దరు తొమ్మిది మెట్లు, అంతకంటే పైకి ఎక్కేస్తారు. ఇంకో ఇద్దరు అంతే లోతుకి జారిపోతారు. ఆరు మెట్లో ఆ పైనో ఎక్కినవాళ్ళు ముప్ఫై పైచిలుకు. ఎవడిలోనూ ప్రత్యేకమైన సత్తా లేదని మనకి తెలుసు, ఎందుకంటే వాళ్ళని తయారుచేసింది మనమే. అయినా పైకెక్కిన ఆ ఇద్దర్నీ చూసి ‘చిన్నప్పుడే వీడి చూపులో ఏదో ఉండేది’ అని కథలు చెప్పేవాళ్ళు తప్పకుండా పుట్టుకొస్తారు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందనే సామెత చాలావరకు ఇలా వెనక్కి తిరిగి చూసి చెప్పేదే. పరిమళించిన పువ్వుని చూశాక దాని మొగ్గని పొగుడుతున్నాం. అలాంటి మొగ్గలే ఎన్ని వాడిపోయాయో లెక్క రాసుకున్నవాళ్ళెవరూ లేరు.

‘అయితే కష్టపడటం దండగా తాతయ్యా’ అంటారేమో. దానికీ గవ్వలే జవాబు చెబుతాయి. కష్టపడే కుర్రాడి గవ్వ నూటికి యాభై బదులు యాభై అయిదుసార్లు వెల్లకిలా పడుతుందనుకోండి. చాలా చిన్న తేడా. తొమ్మిదేళ్ళ తర్వాత సగటున వాడు రెండు మెట్లు కూడా ఎక్కడు. సగటు చూసి ‘ఇంతేనా’ అనిపిస్తుంది. కానీ అంచు చూడండి. ఇలాంటి వెయ్యిమందిలో తొమ్మిది మెట్లో ఆ పైనో ఎక్కేవాళ్ళు ఇద్దరు కాదు, పదకొండుమంది! ఐదింతలకి పైగా. శ్రద్ధ ఎవరికీ పూచీ ఇవ్వదు. కానీ అరుదైన గొప్పతనానికి తలుపు బాగా వెడల్పు చేస్తుంది. అదృష్టం ఉందని ఒప్పుకున్నంత మాత్రాన కష్టం విలువ తగ్గదు. ఈ లెక్క నాకెంతో ఇష్టం, మీరు కూడా చేసి చూసుకోండి.

ఇక నిజం మనుషుల దగ్గరికి వద్దాం. అమెరికాలో ఏటేటా కొత్త కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి ఉంది. దాన్ని డ్రాఫ్ట్ అంటారు, 1965లో మొదలైంది. దేశమంతా గాలించి, అందరికంటే గొప్పవాడనుకున్నవాణ్ణి మొదట ఎంచుకుంటారు. 1966లో న్యూయార్క్ మెట్స్ మొదటగా ఎంచుకున్నది స్టీవ్ చిల్కాట్ అనే క్యాచర్‌ని, అంటే పిచ్చర్ విసిరిన బంతిని పట్టేవాణ్ణి. గాయాల పాలై అతను మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. వెనకే రెండో పేరుగా వెళ్ళినవాడు రెజీ జాక్సన్. అతను 563 హోమ్‌రన్లు, అంటే బంతిని మైదానం దాటించే దెబ్బలు, కొట్టాడు. 1991లో న్యూయార్క్ యాంకీస్ మొదటగా ఎంచుకున్నది బ్రయన్ టేలర్ అనే ఎడంచేతి పిచ్చర్‌ని. పదిహేను లక్షల యాభై వేల డాలర్లిచ్చారు. 1993 డిసెంబరులో, అన్నకి అండగా వెళ్ళి ఒక గొడవలో చిక్కుకుని, బంతి విసిరే భుజాన్నే పాడుచేసుకున్నాడు. అతనూ మేజర్ లీగ్ గడప తొక్కలేదు. ఏ స్కౌట్ కాగితం మీద ఆ రాత్రి గొడవ ముందే రాసి ఉంటుంది చెప్పండి?

రెండో వైపు చూడండి. 1988లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 62వ వంతులో, 1390వ పేరుగా మైక్ పియాజ్జా అనే కుర్రాణ్ణి తీసుకున్నారు. అదీ ప్రతిభ చూసి కాదు. డాడ్జర్స్ మేనేజర్ టామీ లసోర్డాకి కుర్రాడి తండ్రి స్నేహితుడు, ఆ మొహమాటం కొద్దీ తీసుకున్నారు. ఆడుతూ వచ్చిన చోటు వదిలి క్యాచర్ పని నేర్చుకోమన్నారు. అందుకోసం డొమినికన్ రిపబ్లిక్‌లో జట్టు నడిపే శిక్షణ శిబిరానికి కూడా వెళ్ళాడు. 1993లో 35 హోమ్‌రన్లు కొట్టి ఆ ఏటి మేటి కొత్త ఆటగాడయ్యాడు. మొత్తం 427 హోమ్‌రన్లు, 2016లో ‘హాల్ ఆఫ్ ఫేమ్’ అనే మేటి ఆటగాళ్ళ జాబితాలో చోటు. కంప్యూటర్ ఆటలో ఇలాంటివాడు కనబడితే ‘ఇదెక్కడి విడ్డూరం’ అని మీరు ఆటనే తిట్టుకుంటారు. జరిగింది మాత్రం నిజం.

అందరికంటే నన్ను ఆశ్చర్యపరిచేది ఆర్.ఎ. డికీ కథ. 1996లో టెక్సస్ రేంజర్స్ అతన్ని మొదటి వంతులోనే ఎంచుకుని 8,10,000 డాలర్లిస్తామన్నారు. అదే ఏడు ఒలింపిక్ జట్టు పిచ్చర్లు కొందరు వరసగా నిలబడిన ఫోటో ఒక బేస్‌బాల్ పత్రిక అట్ట మీద పడింది. ఆ ఫోటోలో డికీ కుడిచెయ్యి వేలాడుతున్న తీరు తేడాగా ఉందని జట్టు మనిషి ఒకరు పసిగట్టారు. పరీక్ష చేయిస్తే, మోచేతి ఎముకల్ని పట్టి ఉంచే ఒక ముఖ్యమైన లిగమెంటు అతనికి లేనే లేదని తేలింది. పిచ్చర్లు చీల్చుకుని ఆపరేషన్ చేయించుకునేది సరిగ్గా దాన్నే. ఇస్తామన్న డబ్బు 75,000కి పడిపోయింది. ఏళ్ళ తరబడి పైకీ కిందికీ తిరిగాడు. ముప్ఫై దాటాక నకుల్‌బాల్ అనే అరుదైన బంతిని పట్టుకున్నాడు. ఆ బంతిని దాదాపు తిప్పకుండా విసరాలి. తిరగని బంతి మీద కుట్లు గాలికి ఏ వైపు అడ్డొస్తే దాన్నిబట్టి బంతి దారిలో అటూ ఇటూ చలిస్తుంది. ఎటు పోతుందో బ్యాటర్‌కీ తెలియదు, పట్టుకునేవాడికీ తెలియదు. ఆ బంతితోనే 2012లో, ముప్ఫై ఏడేళ్ళ వయసులో, ఇరవై మ్యాచ్‌లు గెలిచి ఆ ఏటి మేటి పిచ్చర్లకిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు.

హోసే బౌటిస్టా సంగతీ అంతే. ఏ ఏడూ పదహారుకి మించి హోమ్‌రన్లు కొట్టనివాడు, బ్యాటు ఊపే అదును మార్చుకుని 2010లో ఒక్కసారిగా 54 కొట్టాడు. ఆ ఏడు మొదలయ్యేటప్పటికి అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు. రాత్రికి రాత్రి 40 నుంచి 60కి ఎగబాకిన మన ఆటగాడు ఇతనే కదా!

ఈ ఆటలు ఆడేవాళ్ళకి ఇంకో ఫిర్యాదు ఉంది. ‘గొప్ప పొటెన్షియల్ ఉన్న కుర్రాళ్ళే ఎక్కువగా పడిపోతున్నారు, ఎక్కేవాళ్ళు తక్కువ’ అని. ఇందులో కుట్రేమీ లేదు. స్కౌట్ చూపులో ఎప్పుడూ కొంత తప్పు ఉంటుంది. కొందరికి ఎక్కువ వేస్తాడు, కొందరికి తక్కువ. మీరు జాబితాలో పైనున్న పదిమందిని ఏరుకుంటే, నిజంగా గొప్పవాళ్ళతోపాటు, ఎక్కువ మార్కులు పడ్డ మామూలువాళ్ళని కూడా ఏరుకున్నట్టే. కాలం గడిచేకొద్దీ ఆ అదనం కరిగిపోతుంది. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో మనుషుల పొడుగుల్లో ఇదే చూశాడు. బాగా పొడుగైన తల్లిదండ్రుల పిల్లలు సగటున వాళ్ళకంటే కాస్త పొట్టి, బాగా పొట్టివాళ్ళ పిల్లలు వాళ్ళకంటే కాస్త పొడుగు.

బేస్‌బాల్‌లోనూ దీనికి ముచ్చటైన ఉదాహరణ ఉంది. బ్రాడ్లీ ఎఫ్రన్, కార్ల్ మోరిస్ అనే గణాంక శాస్త్రజ్ఞులు 1970 సీజన్ నుంచి పద్దెనిమిదిమంది బ్యాటర్లని తీసుకున్నారు. ఒక్కొక్కరూ బ్యాటు పట్టిన మొదటి 45 సార్లలో ఎన్ని హిట్లు కొట్టారో చూశారు. పైనున్నవాడు రొబెర్టో క్లెమెంటే, 18 హిట్లు, అంటే వెయ్యికి 400. అడుగునున్నవాడు మ్యాక్స్ ఆల్విస్, 7 హిట్లు, వెయ్యికి 156. మిగతా సీజన్ అంతా అయ్యాక చూస్తే క్లెమెంటే 346కి దిగాడు, ఆల్విస్ 200కి ఎక్కాడు. క్లెమెంటే అప్పుడూ గొప్పవాడే, కానీ తన తొలి నలభై అయిదు సార్లంత గొప్ప కాదు. ఆల్విస్ అప్పుడూ వెనకే ఉన్నాడు, కానీ అంత వెనక కాదు. మొదటి లెక్క అబద్ధం కాదు, అందులో కొంత గాలి కలిసిందంతే.

అందుకే ఆటగాళ్ళ భవిష్యత్తు లెక్కగట్టేవాళ్ళలో తెలివైనవాళ్ళు వినయంగా ఉంటారు. టామ్ టాంగో అనే ఆయన ‘మార్సెల్’ అని ఒక పద్ధతి పెట్టాడు. టీవీ సీరియల్‌లో ఒక కోతి పేరది. కోతికి కూడా అర్థమయ్యేంత సులువని ఆ పేరు. గడిచిన మూడేళ్ళ ఆటకి 5, 4, 3 చొప్పున తూకం వేయడం, దాన్ని లీగ్ సగటు వైపు కాస్త లాగడం, వయసునిబట్టి కొంచెం సర్దడం, అంతే. ఎంతో హంగుతో కట్టిన పద్ధతులు కూడా దీన్ని పెద్ద తేడాతో దాటలేకపోయాయి. మనిషి రేపు ఏమవుతాడన్న దాంట్లో లెక్కకి అందే భాగం కొంతే. మిగిలినదానికి హంగు పెంచితే లాభం లేదు.

పుట్టిన నెల కూడా ఇందులో చెయ్యి పెడుతుంది తెలుసా? అమెరికాలో పిల్లల బేస్‌బాల్‌కి చాలాకాలం జూలై 31 గడువు తేదీగా ఉండేది. ఆగస్టులో పుట్టిన పిల్లవాడు తన జట్టులో అందరికంటే పెద్ద, జూలైలో పుట్టినవాడు అందరికంటే చిన్న. తొమ్మిదేళ్ళ వయసులో పదకొండు నెలల తేడా అంటే మాటలా? పెద్దవాడు బాగా కొడతాడు, కోచ్ వాణ్ణే ఎక్కువ ఆడిస్తాడు, ఎక్కువ ఆడినవాడు ఎక్కువ నేర్చుకుంటాడు. అమెరికాలో పుట్టిన మేజర్ లీగ్ ఆటగాళ్ళలో జూలై పిల్లలకంటే ఆగస్టు పిల్లలు బాగా ఎక్కువగా తేలారు. ఆ పిల్లల వేళ్ళలోనూ కళ్ళలోనూ ఏ తేడా లేదు, తేడా గోడ మీది క్యాలెండర్‌లో ఉంది.

ఇక్కడ మన మహనీయుడొకరిని తలుచుకోవాలి. కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు, ప్రపంచమంతా సి.ఆర్. రావు అని పిలుచుకున్న గణాంక శాస్త్రజ్ఞులు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో దశాబ్దాలు పనిచేసి, అమెరికా వెళ్ళి, నూట రెండేళ్ళు నిండుగా జీవించి 2023లో కన్నుమూశారు. తెలిసీ తెలియని జ్ఞానానికి, అది ఎంతవరకు తెలియదో చెప్పే కొలత కూడా జతచేస్తే, అది పనికొచ్చే జ్ఞానమవుతుందని ఆయన బోధించేవారు. మా మనవడి ప్రశ్నకి సరైన జవాబు ఇందులోనే ఉంది. 70 అన్న అంకె తప్పు కాదు. 70 అని ఊరుకోవడం తప్పు. ‘70, కానీ 45 కావచ్చు, 75 కూడా కావచ్చు, మధ్యలో ఎక్కడైనా ఆగవచ్చు’ అంటే అది జ్ఞానం. ఆటలోని ఆ ఊగిసలాట మీట చేస్తున్నది సరిగ్గా ఇదే. స్కౌట్ చెప్పకుండా వదిలేసిన వెడల్పుని అది మీకు అనుభవంలోకి తెస్తోంది.

ఇది అర్థమైతే ఆడే తీరే మారిపోతుంది. ఆశలన్నీ ఒక్క కుర్రాడి మీదే పెట్టుకోకూడదని తెలుస్తుంది. 70 అన్న అంకె ఒక్కటి కొనే డబ్బుతో 55లు నలుగుర్ని తీసుకుంటే మేలనిపించే సందర్భాలుంటాయి. పడిపోయినవాణ్ణి వెంటనే వదిలేయకుండా, కింది లీగ్‌లో ఖాళీ ఉంటే ఇంకో రెండేళ్ళు ఆడనివ్వాలనిపిస్తుంది. అట్టడుగు జాబితాలోని పేర్లని కూడా నెలకోసారి తిరగేస్తారు. ఆట పాత ఫైలు తెరిచి, మంచి ఫలితం వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ ఆడేవాళ్ళున్నారు. వాళ్ళు ఇష్టమైన కుర్రాణ్ణి కాపాడుకుంటారు కానీ, అనిశ్చితిలో నిర్ణయం తీసుకోవడమనే అసలు విద్యని పోగొట్టుకుంటారు. జీవితం పాత ఫైలు తెరవనివ్వదు కదా!

ఈ సెలవుల్లో మీకొక పని. ఆట ఉన్నవాళ్ళు ఊగిసలాట మీటని బాగా తగ్గించి ఒకసారి, బాగా పెంచి ఒకసారి, పదేసి సీజన్లు నడపండి. మొదటి ఏడాది జాబితాలో పైనున్న ఇరవైమంది పేర్లు, అట్టడుగునున్న ఇరవైమంది పేర్లు నోటుపుస్తకంలో రాసుకుని, చివర్లో ఎవరెక్కడున్నారో చూడండి. ఆట లేనివాళ్ళు నాలుగు గవ్వలు తీసుకుని యాభైమంది కుర్రాళ్ళని పెంచండి, ప్రతివాడికీ ఒక పేరు పెట్టి మరీ. పైకెక్కినవాడి పేరు చూసి మీకు గర్వం కలుగుతుంది, జారిపోయినవాణ్ణి చూస్తే జాలేస్తుంది. అప్పుడు వాళ్ళ మధ్య తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో మిమ్మల్ని మీరే అడగండి.

ఆ తర్వాత ఎవరైనా ఒక పిల్లవాణ్ణి చూపించి ‘వీడింతే, ఇంతకంటే ఎదగడు’ అన్నా, ‘వీడు తప్పకుండా గొప్పవాడవుతాడు’ అన్నా, మర్యాదగా ఒక్క ప్రశ్న వేయండి: మీ అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చండీ? ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగినవాళ్ళ మాట శ్రద్ధగా వినండి. చెప్పలేనివాళ్ళ మాట మీద ఏ పిల్లవాడి భవిష్యత్తూ తేల్చేయకండి, ముఖ్యంగా మీది.